బోరు మీది పళ్ళెం

ఆండాళు పోయిన పదమూడో రోజున ఇంట్లోంచి ఒక పళ్ళెం కూడా పోయింది.

అది స్టీలు పళ్ళెం. వెనకవైపు ‘ఆం’ అని చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించి ఉంటుంది. అంచు నుంచి నడిమిదాకా ఒక సందు కోసి ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆ పళ్ళెం అన్నం ముఖం చూడలేదు. పెరట్లో బోరు గొట్టం మీద బోర్లా పడుకుని, నడుమ ఉన్న పైపుకు ఆ సందులో దారి ఇచ్చి, నెత్తిన ఒక ఇటుక మోస్తూ, లోపలికి ఆకు పడకుండా, పురుగు దూరకుండా కాపలా కాసింది. బోరు వేసినవాళ్ళు మూత రేపు తెస్తామని వెళ్ళారు. ఆ రేపు రాలేదు. ఆండాళు ఎదురుచూస్తూ కూర్చునే మనిషి కాదు. వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం తెచ్చింది.

పదమూడో రోజు భోజనాలు పెరట్లోనే జరిగాయి. సాయంత్రం అద్దె సామాను తీసుకుపోవడానికి వచ్చిన సప్లయర్సు మనుషులకు వడ్డన పళ్ళేల్లో ఒకటి తగ్గింది. పెరడంతా గాలించారు. ఇటుక కింద ఒకటి కనిపించింది. నడిమిదాకా చీలిన పళ్ళెంతో ఎవరు వడ్డిస్తారని వాళ్ళు ఆలోచించలేదు. సంఖ్య సరిపోయింది. ఇటుకను మాత్రం నిజాయితీగా అక్కడే వదిలి వెళ్ళారు.

ఆండాళు భర్త పరాంకుశం మాస్టారు అది గమనించలేదు. ఆ రోజుల్లో ఆయన గమనించనివి చాలా ఉన్నాయి.

నెల తిరక్కుండా నీళ్ళే ఆ సంగతి చెప్పాయి.

ఉప్పుగుంట పట్టణంలో ఎవరింట బోరు వేసినా పేరుకు తగ్గ నీళ్ళే పడతాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. పరాంకుశం గారింట్లో ఒక్కచోట మాత్రం, ఎందుకో, తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. నీటికి రంగు, రుచి, వాసన ఉండవని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏడో తరగతికి చెబుతున్నాడు. “మీ పుస్తకం రాసినాయన మన నీళ్ళు తాగలేదు లెండి” అనేది ఆండాళు. బోరు పడిన వారంలోనే ఆమె గేటు బయట ఒక కుళాయి పెట్టించింది. లోపల పెట్టించి గేటు తీసి ఉంచితే సరిపోదా అని ఆయన అడిగాడు.

“లోపల పెడితే గేటు తీసే ధైర్యం ఉన్నవాళ్ళకే నీళ్ళు. బయట పెడితే దాహం వేసినవాళ్ళకి” అంది.

పదకొండేళ్ళు వీధి మొత్తం ఆ కుళాయి నీళ్ళే తాగింది. ఇప్పుడు దాన్ని తిప్పితే టీ డికాషన్‌లాంటి నీళ్ళు, వాటికంటే ముందు వాసన వస్తున్నాయి. వీధిలో ఆడవాళ్ళు రైలు గేటు దాకా నడిచి నీళ్ళు మోసుకొస్తున్నారు. ఎదురింటి కోటమ్మ తన రెండు బిందెల్లో ఒకటి తెచ్చి మాస్టారి అరుగు మీద దించేది. వద్దంటే వినేది కాదు.

“అమ్మగారి నీళ్ళు పదకొండేళ్ళు తాగినాం అయ్యోరూ. తిరిగియ్యాలంటే నాకు ఇంకా పదేళ్ళు పడతది. మీరేం మాట్టాడొద్దు.”

కోటమ్మకు అరవై దాటాయి. ఎడమ మోకాలు వంగదు. ఆమె బిందె దించే చప్పుడు విన్న ప్రతిసారీ మాస్టారికి చేతిలో పుస్తకం మీద చూపు నిలిచేది కాదు. ఆ కుళాయి మళ్ళీ పారాలి. ఆయనకు వేరే కోరికలేమీ లేవు.

బోర్ల మెకానిక్కు కాశింపీరాని పిలిపించాడు. కాశింపీరా గొట్టం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి చిన్న అద్దం తీసి, ఎండను పట్టి గొట్టంలోకి దించాడు. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

“పళ్ళెం ఏది అయ్యోరూ?”

“ఏ పళ్ళెం?”

“అమ్మగారి పళ్ళెం. నేనే గదా మిషను పెట్టి కోసిచ్చింది.”

అప్పుడు చూశాడు మాస్టారు. ఇటుక ఉంది. పళ్ళెం లేదు.

“ఇంకేముంది, పందికొక్కు పడుండాది. మొన్న వానకి పెరట్లో మురికి కూడా దిగింది. భయమేం లేదు. కంప్రెసరు పెట్టి అడుగు నుంచి ఊదేస్తా, చెత్తంతా పైకొచ్చేస్తది. బ్లీచింగు కలిపి పోసి ఒకరోజు కదిలీకుండా ఉంచుదాం. మర్నాడు ఆ ఘాటు పోయిందాకా తోడి పారబోద్దాం. పైన గట్టి మూత బిగించి, అప్పుడు నీళ్ళు పరీక్షకు పంపండి. రెండ్రోజుల పని.”

“అయితే రేపు మొదలుపెట్టు.”

కాశింపీరా అద్దం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. “రేపు కాదు గదా, ఎల్లుండి కూడా కుదర్దు అయ్యోరూ. మున్సిపాలిటీలో బోర్ల సంరక్షణ అని కొత్త పథకం పెట్టినారు. నీళ్ళ పరీక్ష కాయితం, దాని మీద పర్మిషను లేకుండా బోరు మీద చెయ్యేస్తే బండి లాక్కుంటారు. పోయిన నెల నా కంప్రెసరు బండి తొమ్మిది రోజులు ఆఫీసు ముందర నిలబడింది. నేనూ దాని పక్కనే నిలబడినా.”

“కాగితమే కదా. తెస్తాను” అన్నాడు మాస్టారు.

పిల్లల రికార్డు పుస్తకాలు దిద్దిన మనిషి. కాగితం అంటే ఆయనకు నమ్మకం.

మర్నాడు నీళ్ళ సీసా పట్టుకుని మున్సిపల్ ప్రయోగశాలకు వెళ్ళాడు. ఉప్పుగుంటలో ఏసీ ఉన్న ప్రభుత్వ గది అదొక్కటే. మధ్యలో బల్ల మీద కొత్త యంత్రం, దానికి పసుపు బొట్లు, మెడలో ఎండిన చామంతి దండ. ఇన్‌ఛార్జి వసుమతి గారు సీసాను దూరం నుంచే చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏమిటండీ ఇది?”

“మా బోరు నీళ్ళమ్మా. పరీక్షకు తెచ్చాను.”

“ఇటువంటివి స్వీకరించడం నిబంధనలకు విరుద్ధమండీ. గోడ మీద చూడండి.”

గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: ‘పరీక్ష నిమిత్తము సమర్పించు నీటి నమూనా రంగు, వాసన, మడ్డి లేక పరిశుభ్రముగా ఉండవలెను.’

మాస్టారు రెండుసార్లు చదివాడు. “నీళ్ళు పరిశుభ్రంగా ఉంటే పరీక్ష ఎందుకమ్మా?”

“పరిశుభ్రంగా ఉన్నాయో లేదో పరీక్ష చేస్తే కదండీ తెలిసేది?” అంది ఆమె, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. “మొదట్లో జనం ఏవేవో నీళ్ళు తెచ్చి పోశారు. యంత్రం రెండుసార్లు మొరాయించింది. ఉన్నతాధికారులు సమీక్షించి, యంత్రం యొక్క ఆరోగ్య దృష్ట్యా ఈ నిర్ణయం గైకొన్నారు.”

“ఈ నిర్ణయం తర్వాత ఎంతమంది తెచ్చారు?”

“ఇంతవరకు ఎవరూ తేలేదండీ. అందుకే యంత్రం చక్కగా ఉంది.”

మాస్టారు ఇంటికి వచ్చి, ఏడో తరగతి పాఠంలో చెప్పినట్టు కుండలో గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు పొరలు పేర్చాడు. పటిక తిప్పాడు. మూడు రోజులు వడపోశాడు. నీళ్ళు డికాషన్ రంగు నుంచి పల్చటి టీ రంగుకు వచ్చాయి. వాసన మాత్రం ఏ పాఠాన్నీ లెక్కచేయలేదు.

ఆ సీసాతో మళ్ళీ వెళితే ఈసారి అటెండరు బ్రహ్మయ్య ఎదురొచ్చాడు. ఒక్కమాట అనకుండా సీసా అందుకుని, సింకులో గుమ్మరించి, కడిగి, వరండాలో ఉన్న మినరల్ వాటర్ డబ్బా నుంచి నింపి చేతికిచ్చాడు.

“ఇప్పుడివ్వండి సార్. మూడు రోజులు కష్టపడినారంట, పాపం.”

“ఇవి మా బోరు నీళ్ళు కావు కదయ్యా!”

లోపలి నుంచి వసుమతి గారు జవాబు చెప్పింది. “సీసా మీదే కదండీ? మా రిజిస్టరులో నమూనా సీసా పేరు మీద నమోదవుతుంది. మీ సీసాలో ఉన్నది మీ నమూనా.”

“నేను దీని మీద సంతకం పెట్టలేనమ్మా.”

“మీ సంతకం అక్కర్లేదండీ. మాది ఉంటే చాలు.”

బ్రహ్మయ్య ఆ సీసా లాక్కుని లోపలికి వెళ్ళాడు. మాస్టారు మెట్లు దిగేలోగా యంత్రం మోగింది. బ్రహ్మయ్య పరుగున వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. ‘పరాంకుశం వారి గృహ బోరు. నాణ్యత: అత్యుత్తమం.’

ఆ కాగితం పట్టుకుని అసిస్టెంటు ఇంజనీరు ఏకాంబరరావు గారి గదికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇంజనీరు గారు ఓపిగ్గా విని, చెప్పిందంతా పక్కన పెట్టి, కాగితం చదివాడు.

“అభినందనలు మాస్టారూ. కానీ శుద్ధికి అనుమతి ప్రసక్తి ఉత్పన్నం కాదు. నీరు నాసిరకమని ధ్రువీకరించబడిన బోరుకే శుద్ధి. మీది అత్యుత్తమం. దాన్ని కదిలించడం జలవనరుల విధ్వంసం కిందికి వస్తుంది.”

“మా బోరులో పందికొక్కు చచ్చిందండీ.”

“ధ్రువపత్రంలో పందికొక్కు ప్రస్తావన లేదు కదా?”

“లేదు.”

“మరి?”

మాస్టారు కాగితం మడిచాడు. “నీళ్ళు బాగాలేవని కాగితం కావాలంటే ఏం చేయాలి?”

“ఆ వెసులుబాటు కూడా ప్రభుత్వం కల్పించింది. మళ్ళీ పరీక్షకు పెట్టుకోండి. నమూనా మాత్రం పరిశుభ్రంగా ఉండాలి.”

ఇంతటితో ఆగిపోతే అదొక మామూలు ఆఫీసు సంగతి. కాని గోడ మీద ఆ నిబంధన రాశాక ఉప్పుగుంటలో పరీక్ష నెగ్గిన బోరు ఇదొక్కటే. పరీక్షకు కూర్చున్న బోరూ ఇదొక్కటే. కమిషనరు గారి బల్ల మీదికి వెళ్ళిన నివేదికలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత కనిపించింది. ఆయన ఎంతో సంతోషించి, పరాంకుశం గారి బోరును ‘ఆదర్శ బోరు’గా ప్రకటించాడు.

వారం తిరిగేసరికి పెరట్లో బోరు చుట్టూ ఇనుప కంచె లేచింది. పైన పక్షులు వాలకుండా జాలీ కప్పారు. ఆ కన్నాల్లోంచి ఎలకలు మాత్రం సుఖంగా రాకపోకలు సాగించవచ్చు. కంచెకు తాళం, తాళానికి సీలు. ఆదర్శ జలం వృథా కాకూడదని గేటు బయట కుళాయికి గోనెపట్టా చుట్టి దానికీ సీలు వేశారు. చివరికి ఒక కాపలాదారును కూడా కూర్చోబెట్టారు.

కోటమ్మ బిందె చంకన పెట్టుకుని ఇదంతా చూసింది.

“అయ్యోరూ, పందికొక్కుకి గుడి కడతన్నారా ఏంది?”

వీధివాళ్ళంతా కలిసి, ఆదర్శ బోరు దుర్వాసన కొడుతోందని అర్జీ రాసి ఇచ్చారు. ఆఫీసులో దాన్ని చాలా తీవ్రంగా పరిగణించారు. ధ్రువపత్రం ప్రకారం నీటికి వాసన లేదు. వీధిలో నలభై ఇళ్ళవాళ్ళకు వాసన వస్తోంది. కాబట్టి లోపం ఎక్కడుందో స్పష్టమే. ఆ ఆదివారం వీధి మొదట్లో ఉచిత ముక్కు పరీక్షా శిబిరం పెట్టారు.

కోటమ్మ ముక్కులో డాక్టరు గారు లైటు వేసి చూశాడు. “వాసన ఎప్పటి నుంచి వస్తోందమ్మా?”

“బోరులో పడి అది చచ్చినకాడి నుంచి.”

“మల్లెపూల వాసన తెలుస్తుందా?”

“మల్లెపూలు బోరులో పడితే తెలిసేది అయ్యా. పడలేదు గదా!”

డాక్టరు గారు ఆమె చీటీ మీద ‘అతిఘ్రాణం’ అని రాసి, చుక్కల మందు ఇచ్చాడు. వాసన రావడం లేదని చెప్పినవాళ్ళు ముగ్గురే. వాళ్ళకు ఆదర్శ నాసికలని ప్రశంసాపత్రాలు దక్కాయి. ముగ్గురికీ ఆ రోజు జలుబు.

మాస్టారి వంతు వచ్చింది. డాక్టరు గారు చిన్నవాడు, నెమ్మదస్తుడు. ముక్కు చూశాడు, నాలుక చూశాడు, తర్వాత ముఖం చూశాడు.

“ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా సార్?”

“మా ఆవిడ.”

“అదీ సంగతి” అన్నాడు డాక్టరు గారు జాలిగా. చీటీ మీద ‘దుఃఖజనిత ఘ్రాణభ్రమ’ అని రాశాడు.

మాస్టారు ఆ మాటను చాలాసేపు చూశాడు. ఆండాళు పోయాక ఎన్నో సంగతులు తేడాగా ఉన్నమాట నిజమే. కాఫీ, సాయంత్రాలు, ఇంట్లో గడియారం చప్పుడు. అవి తనవని ఒప్పుకుంటాడు.

“మీరు రాసింది తప్పని అనను బాబూ” అన్నాడు. “కానీ ఈ వాసన మాత్రం పందికొక్కుది.”

డాక్టరు గారు కింద ‘రోగి అంగీకరించుట లేదు’ అని కలిపి, చుక్కలు రెండింతలు రాశాడు.

ఆదర్శ బోరు ప్రారంభోత్సవం గురువారం ఉదయం. పెరట్లో షామియానా వేశారు. సామాను తెచ్చింది ఆ సప్లయర్సు మనుషులే. కమిషనరు గారు వచ్చాడు. రిబ్బను కత్తిరించే ముందు, ఫొటో కోసం మోటారు వేయమన్నాడు ఏకాంబరరావు గారు.

పైపులోంచి మొదట గాలి, తర్వాత నలుపు, ఆ తర్వాత ఏదో బొచ్చు వచ్చాయి. వాసన షామియానా కిందంతా నిండి, బయటికి పోయే దారిలేక అక్కడే కూర్చుంది. బాజాలవాళ్ళు ఊదడం మానేశారు. కమిషనరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏకాంబరరావు గారూ, ఇదేమైనా వాసనంటారా?”

“ధ్రువపత్రంలో లేదు సార్.”

“అయితే లేనట్టే” అన్నాడు కమిషనరు గారు, చేతిరుమాలు ముక్కుకు అదిమి. ఆ చేతిరుమాలులోంచే ప్రసంగించాడు. ఆదర్శ జలం జాతి సంపద అన్నాడు. శాస్త్రీయ దృక్పథంతో చూసేవారికి ముక్కుతో పనిలేదన్నాడు.

జనంలోంచి కోటమ్మ గొంతు లేచింది. “అట్టయితే ఒక గుక్క తాగి చూపీయండి దొరా! కళ్ళారా చూస్తాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. కమిషనరు గారు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు గారు వసుమతి గారి వైపు, ఆమె బ్రహ్మయ్య వైపు చూశారు. బ్రహ్మయ్య కంచె వెనక్కి వెళ్ళి ఒక సీసాతో వచ్చాడు. మూత సీలు తీస్తున్న చప్పుడు అందరికీ వినిపించింది.

“సీసా మున్సిపాలిటీదే” అని వసుమతి గారు మెల్లగా భరోసా ఇచ్చింది. కమిషనరు గారు తాగి, తియ్యగా ఉన్నాయన్నాడు.

తర్వాత కత్తెర తెచ్చారు. కత్తెర ఒక పళ్ళెంలో ఉంది.

మాస్టారు కత్తెరను చూడలేదు. పళ్ళెం అంచు నుంచి నడిమిదాకా ఉన్న సందును చూశాడు. రిబ్బను తెగింది, ఫొటోలు తీశారు, కార్లు వెళ్ళిపోయాయి. ఆయన సప్లయర్సు మనిషి దగ్గరికి వెళ్ళి, పళ్ళెం తిప్పి చూపించాడు. చుక్కలు చుక్కలుగా ‘ఆం’.

ఆ మనిషి ముఖం చిన్నబోయింది. “అయ్యో! అది మీదా సార్? ఆ రోజు ఒకటి తగ్గిందని... ఇది ఎవరికీ పనికిరాక కత్తెరకి పెట్టినాం. తప్పయిపోయింది, తీసుకోండి.”

ఉప్పుగుంటలో ఒక పని అర్జీ లేకుండా జరగడం ఆ నెలల్లో మాస్టారు అప్పుడే చూశాడు.

పళ్ళెం తోమి, తుడిచి, ఇటుకతో సహా కంచె దగ్గరికి తీసుకువెళ్ళాడు. కాపలాదారు లేచి నిలబడ్డాడు.

“నాకు చదువు చెప్పిన అయ్యోరు మీరు. మీ మాట కాదనకూడదు. కానీ తాళంచెవి కమిషనరు గారి దగ్గరుంది.”

మాస్టారు మర్నాడు ఆఫీసుకు వెళ్ళాడు. కమిషనరు గారు లేడు. ఆదర్శ బోరు పుణ్యాన పదోన్నతి వచ్చి, ముందు రాత్రే వేరే జిల్లాకు వెళ్ళిపోయాడు. తాళంచెవి ఏ సొరుగులో ఉందో తెలియదు. ఏకాంబరరావు గారు పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మూత పెట్టడమంటే ఆదర్శ బోరు రూపురేఖలు మార్చడమే మాస్టారూ. దానికి తాజా జల నాణ్యత పత్రం జతపరచి దరఖాస్తు చేసుకోండి.”

“నమూనా కోసమైనా కంచె తీయాలి కదండీ?”

“సీసా మీదే కదా!” అన్నాడు ఇంజనీరు గారు.

కాశింపీరా చీకటి పడ్డాక వచ్చి కంచె కోసేస్తానన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఈసారి బండి పోతే తొమ్మిది రోజులతో తిరిగిరాదు. “నాకు నీళ్ళు కావాలి, నీ అన్నం కాదు” అన్నాడు.

కోటమ్మ అరుగు మీద బిందె దించి, మోకాలు పట్టుకుని కూర్చుంది. “మీ పెరట్లో బోరుకి మీరు అర్జీ పెట్టుకోవాల్నా అయ్యోరూ?”

“పెడుతున్నాను కోటమ్మా. ఇది నాలుగోది.”

“అమ్మగారుంటే...” అని ఆగిపోయింది.

“ఉంటే వంటింట్లోకి వెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చేది” అన్నాడు మాస్టారు.

నాలుగు అర్జీలకూ అందినట్టు రసీదులు వచ్చాయి. గేటు బయట కుళాయికి సీలు అలాగే ఉంది. పళ్ళెం వంటింటి గూట్లో, తుడిచి, బోర్లించి ఉంది. బోరు మీద ఇంకా మూత పెట్టలేదు.